కొట్టిన మనిషి లేని వాక్యం

నాగర్‌కర్నూల్,
ఆగస్టు 2004.

అమ్మకు నమస్కారాలు.

నేనిక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. గద్వాలలో నువ్వూ తమ్ముడు భానుప్రకాశూ కులాసా అని తలుస్తాను. ఉత్తరం చదివి వినిపించేది వాడే కనుక, మధ్యలో ఏమీ మింగెయ్యొద్దని వాడికి చెప్పు.

"బడిల ఏం పాఠం చెప్తున్నవ్ బిడ్డా" అని పోయిన ఉత్తరంలో అడిగించావు. నెల కిందట తొమ్మిదో తరగతికి ఇంగ్లీషులో ప్యాసివ్ వాయిస్ చెప్పాను. ఎవరు పగలగొట్టారో చెప్పకుండా 'గిన్నె పగలగొట్టబడింది' అనడం లాంటిదది. చేసిన మనిషి తెలియనప్పుడో, చెప్పే అవసరం లేనప్పుడో అలా రాస్తారు. చెప్పదలుచుకుంటే చివర 'బై' అని పేరు చేర్చాలి.

ఆ వారమే లెక్కల సారు శ్రీశైలం, అఫ్రీన్ అనే అమ్మాయిని చెంప మీద కొట్టాడు. వరండాలోంచి చూశాను. ఎడమ చెవిలోంచి రక్తం కారింది. కర్ణభేరి చిరిగిందని దవాఖానలో చెప్పారు.

విద్యాశాఖకు ఇంగ్లీషులో రిపోర్టు రాయమని బడి నడిపే కరెస్పాండెంటు నన్ను పిలిచాడు. రాసింది చదివి, "సారు పేరెందుకు మేడం? అమ్మాయి కొట్టబడింది అని రాయుండ్రి, చాలు. గ్రామరు తప్పయితదా?" అన్నాడు.

"గ్రామరు తప్పు గాదు సార్. కొట్టినాయన ఎవరో తెల్వకుంటే గట్ల రాస్తం. నేను చూసిన."

"రాస్తరా, పోతరా?"

అమ్మా, ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. ఆ రోజే ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేశాడు. రిపోర్టు తనకు కావలసినట్టు ఇంకొకరితో రాయించుకున్నాడు.

తర్వాత అఫ్రీన్ తల్లి జహీరున్నీసా నా గదికి వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి.

"కాయిదంల ఏం రాసుకున్నరో నాకు తెల్వదు మేడం. మీరు చూసిండ్రంట. ఆఫీసుకొచ్చి నోటితోని చెప్తరా?"

వెళ్లాను. విద్యాశాఖ అధికారి ముందు నిలబడ్డాను. ఇంగ్లీషు జోలికి పోలేదు. "శ్రీశైలం సారు కొట్టిండు. నేను చూసిన" అన్నాను. విచారణలో అతనూ ఒప్పుకున్నాడు. అతణ్ణి బడిలోంచి తీసేశారు. నన్ను మాత్రం ఎవరూ తిరిగి పిలవలేదు.

ఇంటికి వచ్చెయ్యమంటావని తెలుసు. రాను. గదిలోనే ట్యూషన్ మొదలుపెట్టాను. అఫ్రీన్ కూడా వస్తుంది. ఆ చెవి ఇంకా సరిగా వినపడదు. కుడి చెవి నావైపు తిప్పి కూర్చుంటుంది. నేను కొంచెం గట్టిగా చెప్తున్నాను.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధంగా ఉన్న పెద్దబిడ్డ
సుహాసిని