కోర్సుకు పెళ్ళిచూపులు

హచ్చొళ్ళి

శరణమ్మత్తకు,

నీ మేనకోడలు వినూత నమస్కారాలు. ఇక్కడ నాన్న, అమ్మ, నాటిన వరి అందరూ క్షేమం.

ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెట్టమంటాడు. అందుకే బళ్ళారి బస్సు కండక్టర్ యోగేశ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నాకు పారాలీగల్ కోర్సులో చేరాలని ఉంది. లాయరు చదువు కాదత్తా. కోర్టుకూ ఊరివాళ్ళకూ నడుమ నిలబడి, అర్జీలు రాసిపెట్టి దారి చూపించే పని. నిన్న కాలువ గట్టున కూర్చుంటే సాయంత్రపు నీళ్ళలో కోర్టు మెట్లు కనిపించాయి. మనూరి ఆడవాళ్ళంతా వాటి మీద కూర్చున్నారు. నేను వాళ్ళ కాగితాలు చదువుతున్నాను. ఇంతలో చేప ఎగిరింది, కోర్టు చెదిరిపోయింది.

బళ్ళారిలో మూడు చోట్ల నేర్పుతారట. నాన్నేమో, “మొకం తెలీనోళ్ళ తావుకు ఆడబిడ్డను ఎట్ల పంపేది?” అంటాడు. ఈ నెలాఖరు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఏది మంచిదో నువ్వు చూసి చెప్పత్తా.

నీ వినూత

తా.క.: ఈ సంగతి యోగేశ్‌కు చెప్పొద్దు. అతనికి చెబితే బస్సుకంతా చెప్పినట్టే.

*

బళ్ళారి

చిరంజీవి వినూతకు,

అత్త ఆశీస్సులు. మీ మామ అంగట్లో క్షేమం, నేను వీధుల్లో క్షేమం.

మూడూ చూసొచ్చాను. వట్టి చేతులతో పోలేం కదా, పళ్ళెంలో పూలు, అరటిపండ్లు, తమలపాకులు పెట్టుకుని పోయాను. మొదటి చోట కుర్చీలు బాగున్నాయి. “కోర్టు ఎప్పుడు చూపిస్తారప్పా?” అంటే వీడియోలో చూపిస్తామన్నారు. వద్దనుకున్నాను. రెండోదాని గురించి ఎదురింటామెను విచారించాను. “మేష్టర్లు ఆ తావులో నిలబడరక్కా, మారతానే ఉంటారు” అంది. అదీ వద్దు.

మూడోది కోర్టు వెనక సందులో ఉంది. రజని అనే లాయరమ్మ నడుపుతుంది. తెలుగులోనూ కన్నడలోనూ చెబుతుంది, పిల్లల్ని కోర్టుకూ ఊర్లకూ వెంటబెట్టుకుని పోతుంది. ఆమె పుట్టిల్లు, అత్తిల్లు, కోపమొస్తే అరుస్తుందా అన్నదీ అడిగాను. ఓపిగ్గా జవాబు చెప్పింది. కిటికీ పక్క ఒక బెంచీ ఖాళీగా ఉంది, దాని నిండా ఎండ. నువ్వు కూర్చుంటే ఎట్లుంటుందో చూద్దామని కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు.

మీ అత్త శరణమ్మ

తా.క.: పళ్ళెంతో బస్టాండు ముందు నుంచి పోతుంటే యోగేశ్ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

*

హచ్చొళ్ళి

అత్తా, ఈసారి క్షేమం అని రాయలేను.

నేను చూడమన్నది కోర్సును, అల్లుణ్ణి కాదు! యోగేశ్ వచ్చి నాన్నతో, “మీ చెల్లెలు పండ్లు, పూలు పట్టుకోని తిరుగుతాండాదప్పా, వినూతకు సంబంధమే” అన్నాడు. నాన్న మురిసిపోయి ఇంటికి సున్నం కొట్టిస్తున్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం చూసి, అది సంబంధం కాదు కోర్సు అని చెప్పలేకపోతున్నాను. పట్టపగలే కల వస్తోంది. ఆ కిటికీ పక్క బెంచీ కాలువలో తేలుకుంటూ నా ముందు నుంచే వెళ్ళిపోతోంది.

దిగులుతో, వినూత

తా.క.: సున్నం కొట్టేవాడు కూడా నన్ను చూసి నవ్వుతున్నాడు.

*

బళ్ళారి

వినూతా,

కంగారు పడకు, మీ నాన్నకు కోర్సు సంగతి ఒక్క మాటా చెప్పకు. ఆదివారం వాళ్ళు మనింటికి వస్తున్నారు. మనం చూసొచ్చాక వాళ్ళూ మనల్ని చూడాలి కదా! బొరుగుల ఒగ్గరాణి, మిర్చి బజ్జీలు చేయించు.

అత్త

తా.క.: మంచి చీర కట్టుకో. కాగితాలతో తిప్పలు పడే ఆడవాళ్ళను కూడా పిలువు.

*

హచ్చొళ్ళి

అత్తకు నమస్కారాలు.

రజని మేడమ్ ఒక్కతే వచ్చింది. నాన్న ఆమె వెనక్కి తొంగిచూసి, “అబ్బాయి యాడ?” అన్నాడు. “అబ్బాయి లేడండీ, కోర్సు ఉంది” అంది. నాన్న మిర్చి పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

అంతలో ఆగిపోయిన పింఛను కాగితాలతో పక్కింటి పంపమ్మవ్వ వచ్చింది. మేడమ్ చెప్పింది, నేను రాశాను. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. నాన్న కొత్త సున్నం గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. అవ్వ నా తల నిమిరితే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది అత్తా.

కానీ పోతూ పోతూ మేడమ్, “ఇంటికి పోయి ఆలోచించి చెబుతాం” అంది. అప్పటినుంచి నాన్నకు అన్నం సయించడం లేదు. “ఆలోచించేకి ఏముండాది? నా బిడ్డకు ఏం తక్కువ?” అని ఇల్లంతా తిరుగుతున్నాడు.

నీ వినూత

తా.క.: శరణమ్మా, నేను మీ అన్న దుర్గప్పను. వాళ్ళు ఏమంటాండారు? మిర్చి కారం ఎక్కువాయెనా? ఎట్లన్నా చేసి ఒప్పించు తల్లీ.

*

బళ్ళారి

వినూతా,

వాళ్ళకు పిల్ల నచ్చిందని అన్నకు చెప్పు. ఇక్కడి నుంచి ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో.

చూసొచ్చిన రోజే నీ పేరు రాయించేశాను. యోగేశ్ చూడాలనే బస్టాండు ముందు నుంచి పోయాను. “ఆలోచించి చెబుతాం” అనమని మేడమ్‌కు నేర్పింది కూడా నేనే. మా అన్న సంగతి నాకు తెలీదా? బిడ్డను పంపమంటే ముఖం తిప్పుకుంటాడు, అక్కర్లేదంటే ఊరుకోలేడు.

సోమవారం మొదటి బస్సుకు రా. మా ఇంట్లోనే ఉందువు.

మీ అత్త శరణమ్మ

తా.క.: కిటికీ పక్క బెంచీ ఇద్దరికి సరిపోతుంది. రజని మేడమ్ నన్నూ చేరమంటోంది. నాకు ఆశగా ఉంది కానీ, మీ మామకు ఇంకా చెప్పలేదు. ఈసారి పళ్ళెం పట్టుకుని ఆయన అంగడి ముందు నుంచి నువ్వు నడవాలి.