జీపుకి సూపర్‌ఛార్జర్ సంగతి

చిన్నోడా, తాతయ్యనిరా, నేను చెబుతుంటే మీ అక్క రాస్తోంది. నానమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. మధ్యాహ్నం మెకానిక్కు వస్తాడు. ఆ గాలి ఎక్కించే సూపర్‌ఛార్జర్ బిగించే ముందు ఇంజను కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, చూడమను. అదీ నాలాగే ముసల్దిరా, గాలి ఎక్కువ ఎక్కిస్తే గుండె పట్టేసుకుంటుంది. బ్రేకులు కూడా చూపించు.

మొన్న నేను వద్దన్నది ఇంజను పాడవుతుందని కాదు. అది పెడితే జీపు చప్పుడు మారిపోతుందన్నావు, అందుకు. వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే మీ నానమ్మ లేచి తలుపు గడియ తీస్తుంది. నీకోసం అనుకుంటున్నావేమో. మీ నాన్న కోసంరా. వాడు పోయి ఆరేళ్లయినా, తన లెక్కలో ఆ జీపులో వచ్చేది వాడే.

నిన్న నువ్వు బ్యాటరీ తీసేసి జీపుని మన ఇంటి షెడ్డులోనే వదిలావు కదా. అయినా సాయంత్రం మలుపులో అదే చప్పుడు. మీ నానమ్మ వెళ్లి గడియ తీసింది. చాలాసేపు తలుపు వెయ్యలేదు. నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

బిగించెయ్యరా. చప్పుడు మారితే, వచ్చింది నువ్వేనని మాకు తెలుస్తుంది.

ఇంకోటి. నేనూ విన్నానని నానమ్మతో అనకు. తనొక్కదానికే వినపడిందనుకుంటోంది.