పచ్చ అంచు బొంత

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ సంవత్సరీకానికి ఖానాపూర్ నుంచి నీ చెల్లెలు, అదే మా చిన్నమ్మ, వాళ్లింటి వాళ్లు పొద్దున్నే వచ్చారు. ముందు గదిలో బొంత పరిచాను. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉండొద్దని, నీ చీరలన్నీ వాగులో వదలమన్నారు పెద్దలు. నేను సగం దాచి, వాటితోనే ఈ బొంత కుట్టాను.

పచ్చ అంచు చూడగానే అది నీ చీరేనని చిన్నమ్మ గుర్తుపట్టింది.

"సచ్చినోళ్ల చీరెల మీద సుట్టాలను కూసోబెడ్తవా? తియ్యి ముందు!"

"తియ్య. మా అవ్వ ఉన్నప్పుడు మిమ్ముల ఎన్నడన్న ఉత్త నేల మీద కూసోబెట్టిందా? ఇప్పుడు గూడ కూసోబెట్టది," అన్నాను.

ఎవరూ కూర్చోలేదు. అన్న నావైపు గుర్రుగా చూశాడు. నేను చాయ్ గ్లాసులు పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగాను.

"కూసున్నోళ్లకే చాయ్."

ముందు చిన్నాయన నవ్వుతూ కూలబడ్డాడు. ఒక్కొక్కరే కూర్చున్నారు. చిన్నమ్మ మాత్రం నా చేతిలో గ్లాసు లాక్కుని నిలబడే తాగింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక చూస్తే, చిన్నమ్మ ఆ పచ్చ అంచు మీదే చెంప ఆనించి నిద్రపోతోంది. లేపలేదు.

వెళ్లేటప్పుడు మళ్లీ హెచ్చరించింది: "గా బొంత ఇంకెవ్వరికి పరవకు."

సరే అవ్వా, ఇంకెవరికీ పరవను. ఆమె ఎప్పుడొచ్చినా ఆమెకే పరుస్తాను.