వేలంలో మీ ముఖం

ఏమండీ,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. అరకులో సినిమా షూటింగప్పుడు శవం వేషంలో పడుకుని మీరు నవ్వు ఆపుకోలేకపోతే, మీ ముఖం అచ్చు తీసి నిలువెత్తు రబ్బరు బొమ్మ చేశారు కదా. ఆ సినిమా సామాన్లు నిన్న విశాఖలో వేలం వేశారు. ఒక రిసార్టు ఆయన మీ బొమ్మను గేటు దగ్గర కూర్చోబెడతానని పాట పెంచుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్లంతా మీ భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగుతారని తలచుకుని నేను వెనక్కి తగ్గలేదు. చివరికి ఆయనే నవ్వి ఊరుకున్నాడు.

"శవాన్ని కొని ఇంటికి తెత్తన్నావేటి వదినా? నీకు మతి గాని పోనాదేటి?" అని మీ చెల్లెలు ఫోనులో కేకలేసింది.

శృంగవరపుకోటలో బస్సు మారి, బొమ్మకు మీ శాలువా కప్పి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఘాట్ రోడ్డంతా పొగమంచు. మలుపు తిరిగినప్పుడల్లా తల నా భుజం మీదికి వాలేది. రెండుమూడుసార్లు నిటారుగా సర్దాను. తర్వాత ఆ చెంప నా భుజానికి వెచ్చగా తగిలింది. ఇక సర్దలేదు.

కండక్టరు వచ్చి గొంతు తగ్గించాడు. "లేపకమ్మా, ఆయన్ని తొంగోనీ. టిక్కెట్లెన్ని?"

"అరకుకి రెండు," అన్నాను.