కోడలి గదికి నిమ్మపండు రంగు

రాజమ్మా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. చదివితే కోడి గీకిన రాత అని నవ్వేదానివి.

నిన్ను తీసుకుపోయిన కామెర్లే మన కోడలు సుజాతకూ వచ్చాయి. ఆమె మంచం మీదున్న అన్ని నెలలూ ఇంట్లో పసుపు ముట్టలేదు, పప్పు తెల్లగానే తిన్నాం. పసుపు చీరలో చూడడానికొచ్చిన పక్కింటావిడను గుమ్మంలోనే ఆపి, చీర మార్చుకు రమ్మన్నాను. మస్తు లొల్లి చేసింది.

నిన్న డాక్టరు రోగం పోయిందన్నాడు. ఈరోజు వాళ్ల పడకగదికి సున్నం వేద్దామని చార్మినార్ దగ్గర నీలం రంగు పొడి కొనుక్కొచ్చాను. కోడలు అది పక్కన పెట్టేసింది.

"నిమ్మపండు రంగు ఎయ్యాలె మామా. కిటికీ గోడకు పచ్చి నిమ్మకాయ రంగు."

"ఏంది బిడ్డా, ఇన్ని దినాలు నీ కండ్లల్ల చూసిన రంగు సాలలేదా?"

"కండ్లల్లకెల్లి పోయింది గదా, ఇగ గోడ మీద ఉండనియ్యి."

మళ్లీ వెళ్లి ఆ రెండు రంగుల పొడులూ తెచ్చాను. మన కొడుకు సున్నంలో కలిపి వేశాడు. తడి మీద రంగు ముదురుగా కనిపించి భయమేసింది. ఆరేకొద్దీ లేతబడింది. నేను గోడనూ, కోడలి కళ్లనూ మార్చి మార్చి చూశాను. కళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి.

"ఏం చూస్తున్నవ్ బాపు?" అన్నాడు కొడుకు.

"రంగు ఆరిందా లేదా అని" అన్నాను.

నీ
మల్లయ్య