రాగికి ముందే తెలుసు

2001 జూలై 9, సోమవారం

రాగి మళ్లీ కనిపెట్టేసింది. క్లాసుకి బయల్దేరుతుంటే గుమ్మంలోనే చున్నీ పట్టుకుని వెనక్కి లాగింది. గదిలోకి వెళ్లి కూర్చున్నాను. పది నిమిషాలకి ఫిట్స్ వచ్చాయి. తెలివొచ్చేసరికి నా చెవి నాకుతోంది. ఇది నాలుగోసారి.

కాలు విరిగి మా కాలేజీ క్లినిక్‌కి వచ్చిన వీధికుక్క ఇది. మా బ్యాచ్ కట్లు కట్టడం నేర్చుకుంది దీని మీదే. నాకు ఫిట్స్ రాబోతున్నట్టు దీనికెలా తెలుస్తుందో నా వెటర్నరీ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

నా సంగతి మా ఊరు ఐరాలలో ఉన్న నాయనకి తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే సర్జరీలో కత్తి ముట్టనిస్తారా? ఇంటికి పంపేస్తారు.

జూలై 11

కొంప మునిగింది. సర్జరీ హాలు ముందు రాగి నా చుట్టూ తిరుగుతూ మూలిగింది, చొంగ కార్చింది, చున్నీ లాగబోయి చేతికి పన్ను గీసింది. మేం మొన్ననే రేబిస్ పాఠం చదివాం. ఇంకేం కావాలి! మా క్లాసు జయచంద్ర వేళ్లు మడిచి లక్షణాలు లెక్కపెట్టాడు. ప్రవర్తనలో మార్పు, చొంగ, కరవడం. పల్లెలో ఎవరైనా అయితే కుక్క ఆడుకుంటోంది అనుకునేవాళ్లు. మేం సగం డాక్టర్లం కదా, మాకు రేబిస్ కనిపించింది.

ఆ గొడవలో నేను బాత్రూంలోకి పరిగెత్తి తలుపేసుకున్నాను. నేల మీద పడున్నది ఎవరూ చూడలేదు. బయటికొచ్చేసరికి రాగిని బోనులో వేసేశారు. పది రోజులు చూస్తారట. నాకు సూది వేయించారు.

బోనులు చూసుకునే కుప్పయ్య చెప్పాడు, జబ్బు లేకున్నా కరిసిన కుక్కని ఈడ ఉంచరు పాపా, పదిరోజులైనాక యాడో అడివిలో ఇడిసిపెట్టి వస్తారంట అని.

నా వల్లే.

జూలై 13

ఇవాళా చెప్పలేకపోయాను. పిరికిదాన్ని.

జూలై 16, సాయంత్రం

చెప్పేశాను!

బోను దగ్గరికి వెళ్లానో లేదో రాగి మొదలుపెట్టింది. అదే మూలుగు, అదే చొంగ, ఊచలు గీరడం. సర్జరీ ప్రొఫెసర్ గంగాధరం సార్ అక్కడే ఉన్నారు. జయచంద్ర గబగబా చార్టులో రాసుకుంటున్నాడు. ఈసారి నేను పారిపోలేదు. సార్, రోగం దానికి కాదు, నాకు, ఇంకో పది నిమిషాల్లో ఫిట్స్ వస్తాయి, వాచీ చూసుకోండి అన్నాను. నేల మీద కూర్చున్నాను.

ఎనిమిది నిమిషాలకి వచ్చిందట. కుప్పయ్య తాళాల గుత్తి తెచ్చి నా గుప్పిట్లో పెట్టాడట. సార్ అది తీయించి, నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టారట.

కళ్లు తెరిచాక మొదట సార్ తిట్లు. ఇన్నేండ్లు నోరు మూసుకోని ఎట్లుండావమ్మా, రేపు కత్తి పట్టుకోని పడిపోయింటే ఏం గతి అని. తరవాత రాగి వైపు తిరిగి, మేం పుస్తకంలో సూసినాం, అది నిన్ను సూసింది అన్నారు. జయచంద్ర తన చార్టు తనే చింపేశాడు. ఏడ్చేశాను. సిగ్గుతో కాదు.

జూలై 21

పది రోజులూ నిండాయి. రాగికి ఏ జబ్బూ లేదు. నన్ను సర్జరీ చెయ్యనివ్వాలని సార్ కాలేజీ మీటింగులో గంటసేపు వాదించారట. గెలిచారు. మందులు వేళకి మింగాలి, రాగి పక్కన ఉండాలి, అది లాగితే కత్తి వదిలి కూర్చోవాలి. అంతే షరతులు. హాస్టల్ వార్డెన్ శకుంతలమ్మ మేడమ్ దానికో గిన్నె కూడా ఇచ్చారు, కుక్కలంటే నాకు పడదు అంటూనే.

ఎస్టీడీ బూత్ నుంచి నాయనకి అంతా చెప్పాను. ఆ కుక్క ఏం తింటాది, జొన్నరొట్టె పంపించేదా అని అడిగాడు.

ఆగస్టు 6

బర్రె పొట్ట కోశాను. నేనే. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి అది మింగిన ప్లాస్టిక్ కవర్లు లాగాను, కుట్లు వేశాను. నలభై నిమిషాలు. రాగి గుమ్మంలో గురక పెట్టి నిద్రపోయింది.