రోడ్డు బందు పెట్టిన మేనల్లుడు

ఎల్బీనగర్, 2011

తెనాలి ఎరువుల షాపు జోగారావు సారుకు, మీ మేనల్లుడు గౌతమ్ కిరాయికుండే ఇంటి ఓనర్ యోబు వందనాలు.

సకల జనులకు తెలియజేయునది ఏమనగా, గౌతమ్ బాబు నిన్న బనీను తిరగేసి తొడిగిండు. ఇంక చిన్న విశేషం ఒకటుంది. మా కాలనీ రోడ్డుకు రెండు దిక్కుల తాళ్లు కట్టిచ్చి, పక్కన కుర్చీ ఏసుకొని కూసున్నడు. సైకిల్ గూడ పోనిస్తలేడు. "రోడ్డు మూసే ఉండాలండీ, లేకపోతే మన కష్టమంతా మట్టిపాలే" అంటుండు.

ఫోన్ల నా నవ్వు ఇనబడి నిజమేదో తెలుస్తలేదన్నరు గదా, అందుకే కాగితం మీద పెట్టిన.

ఇట్లు,
యోబు

తా.క. గల్లీలోళ్లు ఛాయ్ గూడ ఆడికే పంపుతున్నరు. లీడరంటే గట్లుండాలె.

తెనాలి

యోబు గారికి జోగారావు నమస్కారాలు.

మీ ఉత్తరం చదువుతూ కాఫీ తాగడం మర్చిపోయానండీ. వాడు సిమెంటు రోడ్ల డిజైన్ ఇంజినీరు. రోడ్లు వేయమని పంపితే మూయడమేంటి? మీ తెలంగాణ ఉద్యమంలో గానీ కలిశాడా? తల్లీ తండ్రీ లేని పిల్లాణ్ణి పెంచింది ఇందుకా? ఇలాగైతే ఆ ఉద్యోగం మాన్పించి మా షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతాను. వెంటనే నిజం రాయండి.

జోగారావు

తా.క. అన్నం తింటున్నాడా? ఉద్యమం సంగతి తర్వాత.

ఎల్బీనగర్

జోగారావు సారుకు వందనాలు.

జర దిల్ గట్టిగ చేసుకోండ్రి. మొన్న వంటావార్పు అని మా ఉద్యమ కమిటీ పెద్ద అంతయ్య పొయ్యిలు, గిన్నెలు ఏసుకొని రోడ్డు మీదికొచ్చిండు. తాళ్లు జూసి పరేషాన్. "మాకన్న ముందు బందు పెట్టిందెవడ్రా?" అన్నడు. మీవోడు కుర్చీ ఎక్కి లెక్చర్ దంచిండు. అంతయ్య దిల్‌సుఖ్‌నగర్ నుంచి బంతిపూల మాల తెప్పిచ్చి మెడలేసిండు.

ఇంకోటి రాయాల్నా వద్దా అనుకుంటున్న. అంతకుముందే, తాళ్లు కట్టిచ్చిన తెల్లారి పొద్దుగాల, మిషన్ తెచ్చి కొత్త రోడ్డును అడ్డంగ కోసిండు. ఒక్కకాడ గాదు, ఈ మూల నుంచి ఆ మూల దాకా.

యోబు

తా.క. కోసినంక గోనెసంచులు కప్పి నీళ్లు పోస్తుండు. నా భార్య లింగమ్మ మా పిల్లలకు గూడ గన్నిసార్లు నీళ్లు పొయ్యలే.

తెనాలి

యోబు గారూ,

రోడ్లు కోసేదాకా వచ్చాడా! రేపు జైలుకెళ్తే పైనున్న మా అక్కకి నేనేం చెప్పాలి? బయల్దేరదామంటే రైల్ రోకో అంటున్నారు. అందుకని వాడి పేరు మీద నేనే కంపెనీకి రాజీనామా రాసి, ఎరువుల లారీ డ్రైవరు చేత పంపేశాను. "నేనిక తెనాలిలో మా మావయ్య కళ్ళముందే ఉండాలి, దయచేసి పంపేయండి" అని బతిమాలాను.

జోగారావు

తా.క. సంతకం కూడా నేనే పెట్టాను. వాడికన్నా నాకే బాగా కుదిరింది.

ఎల్బీనగర్

సారూ, వందనాలు.

ఎంత పని జేసిండ్రు! కంపెనీ నుంచి పిలుపొచ్చినంక పిలగాడు అన్నం ముట్టలే. "ఈ పని తప్ప నాకింకోటి రాదు, వద్దు కూడా" అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. నాకు నవ్వు ఆగిపోయింది.

తాళ్లు కట్టింది ఉద్యమానికి గాదు. పచ్చి కాంక్రీటు గట్టిపడేదాక బండ్లు ఎక్కొద్దట. కోసుడు గూడ పనే. కాంక్రీటు ఆరుకుంట గుంజుకొని చిన్నగైతదట. మనమే గీతలు కోస్తే ఆ గీతలల్లనే పగులుతది, లేకుంటే దాని ఇష్టమున్నకాడ పగులుతది.

ఉద్యమం బందు పుణ్యాన ఒక్క బండి ఎక్కలే, రోడ్డు బండరాయి లెక్క అయింది. కంపెనీ పెద్ద ఇంజినీరు వెంకటేశ్వరరావు సారు వచ్చి జూసి మురిసిండు. రాజీనామాల రాత మీదని గౌతమ్ బాబు చెప్తే దాన్ని చింపేసిండు. కని మీ బతిమాలుడు మనసుకు తాకినట్టుంది. "మీ మావయ్య అంతగా అడుగుతున్నారు, తెనాలిలో మనకి పనొచ్చింది, నువ్వే చూడు" అన్నడు.

ఆ పని మీ షాపు ముందటి బజారు రోడ్డే సారూ. మూడు వారాలు లారీ గాదు, సైకిల్ గూడ పోదు.

యోబు

తా.క. అంతయ్య గరం అయిన మాట, లెక్చర్, మాల నేను కల్పించినయే. అంతయ్య వచ్చుడు నిజం, కని "తమ్మీ, పొయ్యి యాడ పెట్టమంటవ్?" అని మంచిగడిగి పాత రోడ్డు దిక్కు పోయిండు. లీడర్ ముచ్చట గూడ నాదే. మిగిలిందంత నిజం, తెనాలి గూడ.